రాజా దీన్‌దయాళ్

మీరట్ సమీపమున సర్ధనా పట్టణములో, నగల వ్యాపారము చేయు జైన కుటుంబమున 1844లో దీన్‌దయాళ్ జన్మించిరి. ఆయన త్రాసు పట్టలేదు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇండోరు పబ్లిక్ వర్క్సు కచేరీలో అంచనాలు వేయుటకు, నక్షాలు గీయుటకు ఉద్యోగమున కుదిరిరి. నిలువుగీత నిలువుగానే యుండవలెనను పట్టుదల ఆ బల్లమీదనే అలవడియుండును.

1874 ప్రాంతమున కెమేరా చేపట్టిరి. మహారాజా రెండవ తుకోజీరావు హోల్కరు ఆదరించిరి. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండము తిరిగి కోటలను, ఆలయములను పటములు తీసిరి. అవి 1886లో గ్రంథముగా వెలువడెను.

ఆ పని సులభము కాదు. చిక్కబళ్లాపురము దగ్గర నంది గ్రామములో భోగనందీశ్వరాలయము ముందు నిలిచి కెమేరాను పైకెత్తి చూచినవారికి చిక్కు తెలియును: శిఖరము వెనుకకు వాలును, గోడలు పైన దగ్గరపడును. ఆ కాలపు పెద్ద కెమేరాలలో దీనికి ఉపాయముండెడిది. వెనుకనున్న గాజుపలకను తూకపుగుండు పట్టినట్లు నిలువుగా నుంచి, కటకమును మాత్రమే పైకి జరుపుదురు. దగ్గరి మెట్టు, దూరపు ప్రాకారము రెండును స్పష్టముగా రావలెనన్న కటకమును కొంచెము ముందుకు వంచుదురు. గాజుపలక, కటకము, నేల, ఈ మూడింటి తలములను పొడిగించగా ఒకే గీతవద్ద కలిసినచో నేల యంతయు తేటపడును. కాని ఎత్తైన శిఖరము మసకబారవచ్చును. వర్తకములో వలెనే ఒకచోటి లాభమునకు మరొకచోట వెల చెల్లింపక తప్పదు. ఆస్ట్రియా సైనికాధికారి షైంఫ్లుగ్ 1904లో తన పేటెంటులో ఈ సూత్రమును వివరించెను. పనివారికి కటకము వంచుట అంతకు ముందే తెలియును.

జీతము తప్పని సర్కారు కొలువు విడిచి, గాజుపలకలను నమ్ముకొనుట ఆ రోజులలో చిన్న సాహసము కాదు. దీన్‌దయాళ్ విడిచిరి. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారులై, 1886లో సికిందరాబాదున స్టూడియో తెరచిరి. 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీలకు వేరుగా ఒక స్టూడియో పెట్టి, దానిని ఆంగ్ల మహిళ కప్పగించిరి. పరపురుషుని కంటబడకుండ కులస్త్రీలు పటము తీయించుకొను వీలు అట్లు కలిగెను. 1894లో నిజాము రాజా బహద్దూర్ ముసవ్విర్ జంగ్ బిరుదమిచ్చిరి. 1896లో బొంబాయి శాఖ, 1897లో విక్టోరియా రాణి సన్నదు వచ్చెను.

తరువాతి కాలము ఆయనకు కలిసిరాలేదు. 1904లో కుమారుడు ధరంచంద్ మరణించెను. మరుసటి ఏడు జూలై 5న దీన్‌దయాళ్ బొంబాయిలో కన్నుమూసిరి. కుటుంబమువారు కాపాడిన గాజుపలకలలో 2,857 పలకలను ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 1989లో ఢిల్లీకి సేకరించెను.