మక్కాలో మన హాజీలకు గది చూపిన నవాబు

హజ్ ఖుర్రాలో పేరు వచ్చిందంటే కామారెడ్డి, ఎల్లారెడ్డి ఇళ్లలో ముందు ముబారక్‌లు, ఆ వెంటనే ఒక ప్రశ్న: రుబాత్‌లో చోటు దొరుకుతుందా? రుబాత్ అంటే పాత హైదరాబాద్ సంస్థానం హాజీల కోసం మక్కాలో ఉన్న బస. గదికి కిరాయి లేదు. తెలంగాణ జిల్లాలతో పాటు మరాఠ్వాడా, బీదర్, గుల్బర్గా, రాయచూర్ వైపు వాళ్లకూ హక్కుంది. కర్నూలు, గుంటూరు వాళ్లకు లేదు. ఈ వసతి ఏర్పడే నాటికే ఆ జిల్లాలు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయాయి మరి.

దీనికి పునాది వేసింది అయిదో నిజాం నవాబ్ అఫ్జలుద్దౌలా బహదూర్. కొడుకు మహబూబ్ అలీ పాషా, మనవడు ఉస్మాన్ అలీ పాషా గురించి తెలిసినంతగా ఈయన గురించి జనానికి తెలియదు. అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగేవాళ్లు మాత్రం రోజూ ఆయన పేరు పలుకుతూనే ఉంటారు.

ఆయన 1827 అక్టోబర్ 11న పుట్టారు. తండ్రి నాసిరుద్దౌలా పోయాక 1857 మేలో గద్దె ఎక్కారు. అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. అంతకు కొద్ది రోజుల ముందే మీరట్‌లో సిపాయిలు తిరగబడ్డారు. జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ వెంట జనం కోఠీ రెసిడెన్సీ మీదికి వెళ్లారు. నవాబూ, ఆయన దివాన్ సాలార్ జంగ్ ఇంగ్లీషువాళ్ల పక్షానే నిలబడ్డారు. తర్వాత తుర్రేబాజ్ ఖాన్ చంపబడ్డాడు, మౌల్వీ సాహెబ్‌ను అండమాన్ పంపారు. దీన్ని దాచి అఫ్జలుద్దౌలా కథ చెప్పడం కుదరదు. దానికి ప్రతిఫలం కూడా దక్కింది: 1860 ఒప్పందంలో 50 లక్షల బాకీ మాఫీ అయింది, రాయచూర్ దోఆబ్, నల్‌దుర్గ్ తిరిగొచ్చాయి. బేరార్ మాత్రం రాలేదు.

ఢిల్లీలో బాద్‌షాహీ ముగిశాక హైదరాబాద్ సిక్కాల మీద బహదూర్ షా పేరు తీసేశారు. ఆసఫ్ జా పేరు, దానితో 92 అనే అంకె వచ్చాయి. అబ్జద్ లెక్కలో 92 అంటే ముహమ్మద్ అనే పేరు. అఫ్జల్‌గంజ్ బజారు, మసీదు, మూసీ మీద నయాపుల్ ఈయన కాలానివే. చౌమహల్లా ప్యాలెస్ పూర్తయిందీ అప్పుడే. పరిపాలన పగ్గాలు ఎక్కువగా సాలార్ జంగ్ చేతిలో ఉండేవి. ఇద్దరికీ పెద్దగా పడేది కాదు. దివాన్‌ను తీసేయాలని నవాబు చూస్తే రెసిడెంటు అడ్డుపడ్డాడు.

రుబాత్ సంగతికి వస్తే, ఆ రోజుల్లో మన తాలూకాల నుంచి హజ్ అంటే నెలల ప్రయాణం. హైదరాబాద్‌కు రైలు 1874లో గాని రాలేదు. బండ్ల మీద పోయి, బొంబాయిలో ఓడ ఎక్కి, జిద్దాలో దిగి ఒంటెల మీద మక్కా చేరాలి. ఇంత చేసి అక్కడ దిగాక తల దాచుకునే చోటుకే ఉన్న డబ్బంతా పోయేది. ఖజానా నుంచి దానం పంచి ఊరుకోకుండా, మక్కా, మదీనాల్లో భవనాలు కొని హైదరాబాదీల పేర వక్ఫ్ చేయించారు. అవి మొత్తం 42 అని చెబుతారు. ఒక్కో ఇంట్లో వేర్వేరు కుటుంబాలు గదులు పంచుకుని ఉండేవి.

హరమ్ చుట్టుపక్కల ఇల్లంటే వ్యాపారికి బంగారు బాతు. సీజన్‌లో ఎంత కిరాయి చెప్పినా అడిగేవాళ్లుంటారు. వక్ఫ్ ఆస్తికి ఆ లెక్క వర్తించదు. అమ్మడానికి లేదు, వారసులు పంచుకోవడానికి లేదు. అసలు అలాగే ఉంటుంది, దాని లాభం హాజీ జేబులో మిగిలిన కిరాయి రూపంలో ఏటా వస్తుంది. బీడీల పైసలు, పొలం పైసలు పోగేసి వెళ్లే కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు. సంస్థానం 1948లో పోయింది, జాగీర్లు పోయాయి, ఈ లాభం ఆగలేదు. మన ఊళ్లలో వక్ఫ్ మడిగెలను తాతల కాలం నాటి కిరాయికే పట్టుకుని కూర్చున్నవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకుంటే బాగుండు.

అఫ్జలుద్దౌలా 1869 ఫిబ్రవరి 26న కన్నుమూశారు. వయసు 41. వారసుడు మహబూబ్ అలీకి అప్పుడు మూడేళ్లు కూడా లేవు. చార్మినార్ పక్కన మక్కా మసీదు ఆవరణలో ఆసఫ్ జాహీల వరుసలో ఆయన సమాధి ఉంది.

హరమ్ విస్తరణల్లో పాత భవనాలు చాలావరకు కూలిపోయాయి. వాటికి వచ్చే నష్టపరిహారం కూడా వక్ఫ్ సొమ్మే, దాన్ని మళ్లీ హాజీల బసకే పెట్టాలి. ఇప్పుడు రుబాత్ వ్యవహారం నాజిర్ చూస్తారు. గదులు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి హజ్ ఖుర్రా అయ్యాక రుబాత్ కోసం ఇంకో ఖుర్రా తీస్తారు.