ఏనుగు బొమ్మ కుట్టిన చేయి
(మార్గరెటె స్టైఫ్ జీవితం)

పసిపిల్లలున్న ఇంట్లో మెత్తని బొమ్మ ఒక్కటైనా ఉంటుంది. అది కుక్కపిల్ల కావచ్చు, ఎలుగుబంటి కావచ్చు, చేప కావచ్చు. బిడ్డ దాన్ని పక్కలో పెట్టుకుని నిద్రపోతుంది. గుడ్డతో కుట్టి, దూదో ఉన్నో కూరి చేసే ఈ బొమ్మలు మన అమ్మమ్మల కాలంలోనూ ఉన్నాయి. చిరిగిన చీరముక్కతో బొమ్మ కట్టి ఇవ్వని అవ్వ ఏ ఊళ్లో ఉంది? కాని ఈ చిన్న పనిని వేలాది కుటుంబాలకు జీవనోపాధిగా మార్చిన స్త్రీ ఒకరున్నారు. ఆమె రెండు కాళ్లతో నడవలేదు. కుడిచేయి సరిగా పైకి లేచేది కాదు. ఆమె పేరు మార్గరెటె స్టైఫ్.

జర్మనీ దేశపు దక్షిణ భాగంలో, అప్పటి వ్యూర్టెంబర్గ్ రాజ్యంలో, బ్రెంట్స్ నది ఒడ్డున గీంగెన్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ 1847 జూలై 24న మార్గరెటె జన్మించింది. తండ్రి ఫ్రీడ్రిక్ స్టైఫ్ ఇళ్లు కట్టించే మేస్త్రీ. నలుగురు సంతానంలో ఆమె మూడవది. ఇద్దరు అక్కలు మరీ, పౌలీన్. తమ్ముడు ఫ్రిట్స్.

ఏడాదిన్నర వయసులో ఆ పాపకు తీవ్రమైన జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గాని కాళ్లలో చలనం తగ్గిపోయింది. ఎడమ కాలు పూర్తిగా చచ్చుబడింది, కుడి కాలు కొంతవరకు. కుడిచేయి కదిపితే నొప్పి. అది పోలియో అని తెలియడానికి మరికొంత కాలం పట్టింది. ఆ రోజుల్లో దానికి మందు లేదు, టీకా లేదు. మొదటి పోలియో టీకా ప్రపంచానికి అందింది 1955లో. అంటే ఈ పాప పుట్టిన నూరేళ్ల తరువాత!

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతపు పెద్దలకు ఈ బాధ కొత్త కాదు. ఒకప్పుడు ప్రతి పల్లెలోనూ కాలీడ్చుకుంటూ నడిచే బిడ్డ ఒకరైనా కనిపించేవారు. తిరుపతిలోని బర్డ్ ఆసుపత్రికి అలాంటి పిల్లలను భుజాన మోసుకుని వచ్చిన తల్లిదండ్రులు ఎందరో! మన దేశంలో 1995లో పల్స్ పోలియో మొదలైంది. 2011 జనవరి తరువాత మరొక కేసు నమోదు కాలేదు. 2014 మార్చి 27న భారతదేశం పోలియో లేని దేశాల వరుసలో చేరింది. ఈ మాట ఇప్పుడు తేలికగా చెప్పుకుంటున్నాము గాని, దాని విలువ మార్గరెటె తల్లివంటి తల్లులకే తెలుసు.

తల్లిదండ్రులు ఊరుకోలేదు. 1856లో తొమ్మిదేళ్ల బిడ్డను లుడ్విగ్స్‌బుర్గ్ పట్టణంలోని పిల్లల ఆసుపత్రికి తీసుకువెళ్లారు. అక్కడి నుండి వేడినీటి ఊటలున్న విల్డ్‌బాడ్‌కు పంపారు. శస్త్రచికిత్స చేశారు, స్నానాలు చేయించారు. ఫలితం లేదు. ఆమె ఇక నడవదని తేలిపోయింది.

ఇక్కడే ఈ కథలో మలుపు ఉంది. నడిపించే వైద్యం కోసం జీవితమంతా వెదుకుతూ కూర్చోవడమా, ఉన్న చేతితో ఏదైనా చేయడమా? మార్గరెటె రెండవ దారి పట్టింది. చిన్న బండిలో కూర్చోబెట్టి తోబుట్టువులు, వీధి పిల్లలు ఆమెను బడికి లాక్కెళ్లేవారు. బడి మెట్లు ఎక్కించడానికి ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. అయినా బడి మానలేదు. పిల్లలు ఆమె చుట్టూ చేరేవారు. బండిలో కూర్చునే ఆటలు కనిపెట్టి వాళ్లను ఆడించేది. తరువాత రోజుల్లో పిల్లలకు ఏ బొమ్మ నచ్చుతుందో ఆమెకు ఇట్టే తెలియడానికి ఆ బండి చదువే కారణమేమో!

కుట్టుపని నేర్చుకుంటానంటే ఇంట్లో సందేహించారు. సూది పట్టాల్సిన కుడిచేయే బలహీనం కదా! అయినా పట్టు విడవలేదు. మొదట్లో కుట్లు వంకరపోయేవి. విప్పి మళ్లీ కుట్టేది. పదిహేడేళ్ల వయసుకు కుట్టుపనిలో శిక్షణ పూర్తిచేసింది. జితార్ అనే తంత్రీవాద్యం కూడా నేర్చుకుని, పిల్లలకు పాఠాలు చెప్పి నాలుగు రాళ్లు సంపాదించింది.

అక్కలతో కలిసి ఆడవాళ్ల దుస్తులు కుట్టే పని మొదలుపెట్టింది. ఆ ఊరికి మొట్టమొదటి కుట్టుమిషను వారిదే అంటారు. కాని మిషను చక్రం కుడివైపు ఉంటుంది. కుడిచేత్తో తిప్పడం ఆమెకు కష్టం. ఆమె ఏం చేసిందో చూడండి. మిషనునే వెనక్కి తిప్పి పెట్టుకుంది! చక్రం ఎడమచేతి వైపు వచ్చింది. కొత్త యంత్రం కొనలేదు, ఎవరి దయా కోరలేదు. చిన్న మార్పు, అంతే.

అక్కలకు పెళ్లిళ్లయి వెళ్లిపోయారు. మార్గరెటె అవివాహితగా ఉండిపోయింది. 1877లో ఆమె సొంతంగా దుకాణం తెరిచింది. బంధువుల మిల్లులో ఫెల్ట్ తయారయ్యేది. ఉన్నిని నేయకుండా తడిపి, అదిమి చేసే మందపాటి గుడ్డను ఫెల్ట్ అంటారు. దాన్ని ఎటు కత్తిరించినా అంచు పోగులు ఊడవు. ఆ గుడ్డతో లోపావడాలు, పిల్లల కోట్లు కుట్టి అమ్మింది. పని పెరిగితే మరికొందరు స్త్రీలను పెట్టుకుంది.

1879 డిసెంబరులో ఒక ఫ్యాషన్ పత్రికలో ఆమెకు చిన్న ఏనుగు నమూనా కనిపించింది. ఫెల్ట్ ముక్కలతో ఏనుగు కుట్టి, లోపల గొర్రెపిల్ల ఉన్ని కూరింది. అది పిల్లల కోసం కాదు. కుట్టుపని చేసే ఆడవాళ్లు సూదులు గుచ్చిపెట్టుకునే మెత్త అది. వదినలకూ స్నేహితులకూ బహుమతిగా ఇద్దామని చేసింది. ఆ ఇళ్లలో పిల్లలు ఊరుకుంటారా? సూదులు పీకేసి, ఏనుగును ఎత్తుకుపోయారు!

ఆ కాలంలో బొమ్మలంటే కొయ్యవి, రేకువి, పింగాణీ తలవి. కిందపడితే పగిలేవి, మీద పడితే తగిలేవి. కౌగిలించుకుని పడుకునే బొమ్మ దొరకడం తక్కువ. మార్గరెటె ఈ సంగతి గమనించింది. తమ్ముడు ఫ్రిట్స్ కొన్ని ఏనుగులను పక్కనున్న హైడెన్‌హైమ్ సంతకు తీసుకువెళ్లాడు. అన్నీ అమ్ముడుపోయాయి. 1886 నాటికి అయిదు వేలకు పైగా ఏనుగులు ఆ దుకాణం దాటాయి. ఆ తరువాత కోతి, గాడిద, గుర్రం, ఒంటె, పంది, పిల్లి, కుందేలు వచ్చాయి. 1892లో మొదటి చిత్రాల జాబితా అచ్చయింది. 1893లో వ్యాపారం ఆమె పేరుతోనే రిజిస్టరు అయింది. నడవలేని ఆడపిల్ల పేరు!

ఫ్రిట్స్ కుమారులు పెద్దవారై ఒక్కొక్కరే మేనత్త పనిలో చేరారు. వారిలో రిచర్డ్ చిత్రకళ చదివినవాడు. 1897లో చేరాడు. స్టుట్‌గార్ట్ జంతుశాలకు వెళ్లి ఎలుగుబంట్లను గంటల తరబడి చూస్తూ బొమ్మలు గీసేవాడు. 1902లో అతడు కాళ్లు, చేతులు, తల కదిలే ఎలుగుబంటి బొమ్మను రూపొందించాడు. మార్గరెటెకు మొదట అది అమ్ముడుపోతుందన్న నమ్మకం కలగలేదు. పెద్దది, ఖరీదైనది. అయినా కుర్రవాడి పట్టుదలకు అడ్డుచెప్పలేదు. 1903లో లైప్జిగ్ ప్రదర్శనలో ఆ బొమ్మను ఎవరూ పట్టించుకోలేదు. చివరి ఘడియల్లో అమెరికా నుంచి వచ్చిన వ్యాపారి ఒకేసారి మూడు వేలు కావాలన్నాడు.

అదే కాలంలో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ 1902లో వేటకు వెళ్లి, కట్టివేసిన ఎలుగుబంటిని కాల్చనన్న వార్త వ్యంగ్యచిత్రంగా వచ్చింది. ఆయన ముద్దుపేరు టెడ్డీ. న్యూయార్కులో మోరిస్ మిచ్‌టమ్ అనే దుకాణదారు కూడా ఎలుగు బొమ్మ చేసి ఆ పేరు పెట్టాడు. అలా రెండు దేశాల్లో దాదాపు ఒకేసారి పుట్టిన బొమ్మకు టెడ్డీబేర్ అన్న పేరు స్థిరపడింది. 1907లో గీంగెన్ నుండి సుమారు 9 లక్షల 74 వేల ఎలుగుబంట్లు వెళ్లాయి. కర్మాగారంలో సుమారు 400 మంది, ఇళ్లలో కూర్చుని కుట్టేవారు సుమారు 1,800 మంది పనిచేసేవారు.

పని పెరిగితే నకళ్లు బయలుదేరాయి. 1904లో మరొక మేనల్లుడు ఫ్రాన్స్ ఆలోచన మేరకు ప్రతి బొమ్మ చెవికి చిన్న లోహపు గుండీ పెట్టారు. ఆ గుండీ నేటికీ వారి గుర్తు. కాని గుండీ కన్నా ముఖ్యమైనది ఒకటుంది. కొత్త నమూనా ఏది వచ్చినా మార్గరెటె చేతిలోకి తీసుకుని పరీక్షించేది. కుట్టు గట్టిగా ఉందా? పసివాడు లాగితే ఊడుతుందా? బిడ్డల విషయంలో రెండవ రకం సరుకు ఉండకూడదన్నది ఆమె నియమం. 1909 మే 9న, తన 61వ ఏట, న్యుమోనియాతో ఆమె కన్నుమూసింది.

ఈ కథ మనకెందుకు? మన తెలుగునేలపైనా ఇంట్లో కూర్చుని దారంతో అద్భుతాలు చేసే చేతులున్నాయి. గోదావరి తీరాన నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల స్త్రీలు క్రోషియా సూదితో లేసు అల్లుతారు. 1844 ప్రాంతంలో స్కాట్లండు నుండి వచ్చిన మెక్రే మిషనరీ దంపతులు ఆ పని నేర్పారు. ఆ లేసు దేశదేశాలకు వెళ్లింది. అయితే అల్లిన చేతికి దక్కిన కూలి చాలా తక్కువని, అమ్మినవారే బాగుపడ్డారని జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో వెలువడిన తన గ్రంథంలో చూపారు. ఇంటి పనిని ఖాళీ సమయపు కాలక్షేపమని తీసిపారేస్తే కూలి తగ్గుతుంది. అది పని అని గుర్తిస్తే గౌరవం వస్తుంది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. గుర్తింపుతోపాటు అల్లే చేతికి న్యాయమైన కూలి కూడా దక్కాలి.

చదువుతున్న చెల్లెళ్లకు ఒక చిన్న పని చెప్పి ముగిస్తాను. మనలో చాలామంది ఇళ్లకు సముద్రం దగ్గరలో లేదు. అయినా యోనా ప్రవక్త కథ విన్న ప్రతి బిడ్డకూ పెద్ద చేప తెలుసు. క్రోషియా సూది, కాస్త నీలం నూలు ఉంటే ఒక చిన్న తిమింగలం చేయవచ్చు. రెండు గొలుసు కుట్లు వేసి, మొదటి గొలుసులోనే ఆరు పొట్టి కుట్లు వేయండి. రెండవ వరుసలో ప్రతి కుట్టులో రెండేసి వేస్తే పన్నెండవుతాయి. మూడవ వరుసలో ఒకటి విడిచి ఒకదానిలో రెండేస్తే పద్దెనిమిది. ఇలా వరుసకు ఆరు చొప్పున ముప్పై వరకు పెంచండి. వరుస ఎక్కడ మొదలైందో మరచిపోకుండా అక్కడ వేరే రంగు దారం ముక్క పెట్టండి. తరువాత ఆరేడు వరుసలు పెంచకుండా అల్లండి. ఇక వరుసకు ఆరు చొప్పున తగ్గిస్తూ రండి. తగ్గించడమంటే రెండు కుట్లను కలిపి ఒకటిగా అల్లడమే. పద్దెనిమిది మిగిలినప్పుడు దూది కూరి, మిగతాది మూసేయండి. రెండు చిన్న ఆకుల్లా అల్లి తోకగా కుట్టండి.

రెండు జాగ్రత్తలు. అల్లిక బిగుతుగా ఉండాలి, లేకుంటే దూది బయటకు వస్తుంది. కళ్లకు గుండీలు, పూసలు వద్దు. పసివాళ్లు పీకి నోట్లో పెట్టుకుంటారు. నల్లదారంతో రెండు కుట్లు వేస్తే చాలు. మొదటి బొమ్మ వంకరగా వస్తుంది. రానివ్వండి. విప్పి మళ్లీ అల్లండి.

మీ విచారణలో కాలో చేయో సరిగా లేని బిడ్డ ఉంటే, ఆ బిడ్డను ప్రత్యేకంగా పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని నేర్పండి. జాలి చూపడం సులభం. ఆ బిడ్డ చేతికి సూది అందించి, తప్పు పోతే ఓపికగా మళ్లీ చూపించడం కొంచెం కష్టం. గీంగెన్ వీధి పిల్లలు బండి లాగకపోతే, తల్లిదండ్రులు కుట్టుపని వద్దని పట్టుబట్టి ఉంటే, ఆ ఏనుగు పుట్టేదే కాదు. మన ఇళ్లలో ఇంకా పుట్టవలసిన ఏనుగులు ఎన్ని ఉన్నాయో!