పదముల పొత్తు నెరిగిన పండితుడు

మన విద్యార్థి ఆంగ్లమున తప్పు చేసితినని చెప్పవలసి వచ్చినపుడు 'మిస్టేక్' అను మాటకు 'డూ' అను క్రియను తగిలించును. చిక్కని టీ యనుటకు 'థిక్' అను విశేషణమును తెచ్చును. వ్యాకరణమున లోపము కనిపించదు. అయినను ఆంగ్లేయు డట్లు పలుకడు. అతడు 'మిస్టేక్'తో 'మేక్'ను, 'టీ'తో 'స్ట్రాంగ్'ను జతపరచును. ఏ పదమునకు ఏ పదము తోడో విద్యార్థికి చెప్పు నిఘంటువు కావలెనని తలచి, ఆ పనికే జీవితమును వెచ్చించినవాడు ఆల్బర్ట్ సిడ్నీ హార్న్‌బీ.

ఆయన 1898లో ఇంగ్లండులోని చెస్టరు పట్టణమున జన్మించెను. లండను యూనివర్సిటీ కాలేజీలో చదివి, 1924లో జపానుకు పోయి, క్యూషూ ద్వీపమునందలి ఓయితా నగరమున అధ్యాపకుడయ్యెను. సాహిత్యము బోధింపవచ్చిన ఆయనకు, శిష్యులకు ముందుగా కావలసినది భాషయే అని త్వరలోనే తెలిసివచ్చెను.

టోక్యోలో హెరాల్డ్ పామర్ అను పండితుని ఆధ్వర్యమున, 1923లో నెలకొన్న ఆంగ్లబోధనా పరిశోధన సంస్థ పనిచేయుచుండెను. హార్న్‌బీ ఆ కృషిలో పాలుపంచుకొనెను. విడదీయక ఒక్కటిగా నేర్వవలసిన పదబంధములను ఏరి వర్గీకరించిన నివేదిక 1933లో పామరు పేరిట వెలువడెను; అందు హార్న్‌బీ శ్రమ మిక్కిలి కలదు.

ఇచ్చట ఒక విషయము గమనింపవలెను. జాతీయములనగానే పాఠ్యపుస్తకములు వింతగొలుపు వానినే పట్టికగా ఇచ్చును. కుండపోత వానను పిల్లులు, కుక్కలు కురిసినట్లు చెప్పు పలుకుబడి పరీక్షకై కంఠస్థమగును. పిమ్మట నోటికి వచ్చుట అరుదు. అనుదినము కావలసిన చిన్న జతలు మాత్రము తెలియకయే పోవును. పామరు, హార్న్‌బీలు ఆ చిన్న జతలకే పెద్దపీట వేసిరి. మన భాషలోను అంతే గదా! 'మాట' యను పదమునకు అర్థము తెలిసినంత మాత్రమున పరభాషీయునకు మాట ఇచ్చుట, మాట తప్పుట, మాట పడుట బోధపడవు.

1936లో పామరు స్వదేశమునకు మరలగా పరిశోధన భారము హార్న్‌బీపై పడెను. గేటెన్‌బీ, వేక్‌ఫీల్డ్ అను సహచరులతో కలిసి ఆయన ఒక నిఘంటువును కూర్చి, 1940 నాటికి ముగించెను. అర్థముతో తృప్తిపడక, పదము వాక్యములో నిలుచు విధమును చూపుట దాని విశేషము. క్రియల వాడుకను 25 రీతులుగా విభజించి, ఏ క్రియ ఏ రీతిలో ఇముడునో అంకెలతో సూచించిరి. 'ఎక్స్‌ప్లెయిన్ మీ' అని మన పిల్లలు వ్రాయుట ఏల తప్పో అట్టి సూచన చూచినచో విశదమగును.

ఇంతలో యుద్ధము వచ్చిపడెను. 1941 డిసెంబరులో జపాను బ్రిటనుపై యుద్ధమునకు దిగగా హార్న్‌బీ నిర్బంధితుడయ్యెను. అయినను శత్రుదేశీయుని గ్రంథమని త్రోసివేయక, టోక్యోలోని కైతకుషా ప్రచురణ సంస్థ 1942లో దానిని ప్రకటించెను. ఆ ఏడే గ్రంథకర్త స్వదేశమునకు పంపబడెను. 1948లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము దానిని పునర్ముద్రింపగా, అది దేశదేశముల విద్యార్థులకు చేరెను.

తరువాత ఆయన బ్రిటిష్ కౌన్సిల్ పక్షమున టెహరానులో పనిచేసెను. 1946లో ఆంగ్లబోధకుల కొరకు ఒక పత్రికను స్థాపించెను. 1961లో తన ఆదాయములో పెద్దభాగమును ప్రత్యేకించి, ఇతర దేశముల ఆంగ్లోపాధ్యాయుల శిక్షణకు ఒక ధర్మనిధిని నెలకొల్పెను. 1978లో దివంగతుడయ్యెను. ఉపాధ్యాయుల వలన వచ్చిన ధనము ఉపాధ్యాయులకే చెందవలెనను ఆయన భావము అనేకుల జీవితములను దిద్దినది.

నేడును మన తరగతులలో జాతీయముల పట్టికలు వల్లెవేయించుట మానలేదు. రేపటి పాఠమున క్రొత్త పదము నొకదానిని బోర్డుపై వ్రాయునపుడు, దాని ప్రక్కన దాని తోడుపదమును గూడ వ్రాసినచో, హార్న్‌బీ ఋణము కొంతయైన తీర్చినవారమగుదుము.