అష్రఫీల దొర – మీర్ ఉస్మాన్ అలీఖాన్

బంగారం మీద మోజు లేని ఇల్లు మన దేశంలో దుర్లభం. ఉన్నవాడు కడ్డీలు దాచుకుంటాడు, లేనివాడు ముక్కుపుల్లనైనా దాచుకుంటాడు. పండితుడు దీన్ని తృష్ణ అంటాడు, బ్యాంకు వారు పెట్టుబడి అంటారు, పాత నాణేలు పోగుచేసేవారు సరదా అంటారు. ఈ మూడూ ఒక్క మనిషిలో చూడాలంటే మన పాతబస్తీలో పుట్టిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ జీవితం తెలుసుకోవాలి. నేను చరిత్ర చదివినవాణ్ణి కాను. బి.యస్సీ. చదువుతున్న రైతు బిడ్డను. తూకం, కొలత, లెక్క - నాకు తెలిసిన విద్య అంతే. ఆ విద్యతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఉస్మాన్ అలీఖాన్ 1886 ఏప్రిల్ 6న పురానీ హవేలీలో జన్మించాడు. తండ్రి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1911లో చనిపోగా, పాతికేళ్ల వయసులో గద్దె నెక్కాడు. అప్పటి హైదరాబాదు సంస్థానానికి సొంత రైలు, సొంత తపాలా, సొంత నాణెం ఉండేవి. మన ముసలివాళ్లు ఇప్పటికీ చెప్పే హాలి సిక్కా ఆ నాణెమే. ఏడు హాలి రూపాయలిస్తే ఆరు ఇంగ్లీషు కల్దార్ రూపాయలు వచ్చేవి. 1803లో పాతబస్తీలోని సుల్తాన్ షాహీలో మొదలైన టంకసాల 1903లో సైఫాబాదుకు మారి యంత్రాల మీద నడిచింది. వెండి రూపాయలతో పాటు బంగారు అష్రఫీలూ, అందులో అర, పావు, అరపావు నాణేలూ అక్కడ తయారయ్యేవి.

అష్రఫీ బరువు 11 గ్రాముల పైచిలుకు. నూటికి 91 పాళ్లు బంగారం. ఒకవైపు చార్మినారు బొమ్మ, ఆ చార్మినారు నడిమి కమానులో ఒక ఉర్దూ అక్షరం కనబడుతుంది. మహబూబ్ పేరుకు మీమ్, ఉస్మాన్ పేరుకు ఐన్. గద్దె నెక్కిన కొత్తలో కొట్టిన నాణేల మీద ఈ ఐన్ పొట్టిగా ఉంటుంది, తర్వాత వాటి మీద పూర్తిగా ఉంటుంది. కంసాలికి రెండూ ఒక్కటే, ఎందుకంటే త్రాసులో రెండూ ఒకే బరువు. నాణేలు పోగుచేసే వారికి మాత్రం రెండూ వేరు. తక్కువగా దొరికేదాని కోసం ఎక్కువ ఇస్తారు. కాబట్టి బంగారు నాణేనికి రెండు ధరలుంటాయన్న మాట. ఒకటి బరువును బట్టి, ఇంకొకటి దాని పుట్టుకను బట్టి. అదే నాణేనికి కొక్కెం అతికి కాసులపేరులో గుచ్చితే రెండో ధర చాలావరకు పోతుంది, మొదటిదే మిగులుతుంది.

ఈ అష్రఫీలు నిజాం ఖజానాకు చేరిన దారుల్లో నజరానా ఒకటి. దర్బారులో ప్రభువు దర్శనానికి వచ్చిన అమీరు, ఉద్యోగి, జాగీర్దారు ఒక అష్రఫీ, కొన్ని రూపాయలు రుమాలు మీద పెట్టి సమర్పించుకోవాలి. తండ్రి కాలంలో నజరానాను చేత్తో తాకి తిరిగి ఇచ్చేవారనీ, కొడుకు కాలంలో అది సంచిలోకి పోయేదనీ పాతబస్తీ పెద్దలు చెబుతారు. ఆ సంచుల వెనుక ఇంకా పెద్ద వనరు భూమి. సర్ఫెఖాస్ పేరిట సంస్థానంలో దాదాపు పదోవంతు భూమి నిజాం సొంత ఖర్చులకే ఉండేది. జాగీర్లు, దేశ్‌ముఖులు, వెట్టి - ఇదంతా కలిసి రైతు నడ్డి విరిచింది. 1946 నుండి 1951 దాకా తెలంగాణ రైతులు ఆయుధం పట్టడానికి కారణాలు అందులోనే ఉన్నాయి. అష్రఫీ మీద చార్మినారు కనబడుతుంది గాని నాగలి కనబడదు. ఆ బంగారంలో నాగలి వాటా ఎంతో ఉందని రైతు ఇంట్లో పుట్టినవాణ్ణిగా నేను చెప్పక తప్పదు.

1937లో రజతోత్సవం జరిగింది. అదే ఏడు ఫిబ్రవరిలో అమెరికా పత్రిక టైమ్ ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేసి, లోకంలో అందరికన్నా ధనికుడని రాసింది. ఆ ధనికుడు మాసిన టోపీ, పాత షేర్వాణీతో కాలం గడిపాడట. 184 కారట్ల పైబడిన జేకబ్ వజ్రాన్ని కాగితాలు ఎగరకుండా బరువుగా వాడాడని కూడా అంటారు. కూడబెట్టడం అలవాటైన మనిషికి ఖర్చు పెట్టడం కష్టమని దీన్ని విని నవ్వుతాం. అయితే కథ అక్కడితో అయిపోలేదు.

1908 మూసీ వరద పట్నాన్ని ముంచిన తర్వాత, ఆయన పాలనలో 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ నిండాయి. ఉర్దూ మాధ్యమంగా 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైంది. మూసీ ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. మంజీర మీద 1923లో మొదలైన నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. దాని కింద 2,75,000 ఎకరాలు సాగులోకి తేవాలని లెక్క కట్టారు. ఆ ఎకరాల్లో మావి నాలుగు. కాలువ వచ్చిన ఏడు వడ్లు పండుతాయి, రాని యాసంగిలో మా అవ్వ మెడలోని గుండ్లపేరు కుదువకు పోతుంది. రెండుసార్లు పోయి తిరిగి వచ్చింది. మూడోసారి నా కాలేజీ ఖర్చుకని పోయింది, ఇంకా రాలేదు. మా ఇంట్లో బంగారం ముచ్చట కోసం కాదు, అది మా బ్యాంకు. అందువల్లనే నిజాం బంగారం లెక్క నాకు వింతగా కాక, సొంత విషయంగా తోస్తుంది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో ఆయన రాజ్యం ముగిసింది. 1950 జనవరి 26 నుండి 1956 అక్టోబరు 31 దాకా రాజప్రముఖ్‌గా ఉన్నాడు. పోలీసు చర్య నాటి గందరగోళంలోనే ఆయన సొమ్ము పది లక్షల పౌండ్ల పైన లండన్‌లోని పాకిస్తాన్ రాయబారి ఖాతాకు చేరింది. ఆ సొమ్ము నాదంటే నాదని తగాదా నడిచి, 2019 అక్టోబరులో గాని అక్కడి కోర్టు భారతదేశానికీ, నిజాం వారసులకూ అనుకూలంగా తీర్పు చెప్పలేదు. అప్పటికి అది వడ్డీతో మూడున్నర కోట్ల పౌండ్లయింది. డెబ్బై ఏళ్లు పెరిగిన సొమ్మే, కాని అన్నాళ్లూ ఎవరి అక్కరకూ రాలేదు.

ఇక మనమంతా చిన్నప్పటి నుండి విన్న కథ. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం తర్వాత లాల్ బహదూర్ శాస్త్రి వచ్చి అడిగితే, నిజాం 5000 కిలోల బంగారం దేశానికి దానం చేసి, ఇనుప పెట్టెలు మాత్రం తిరిగి పంపమన్నాడని. వినడానికి బాగుంటుంది. రికార్డు మాత్రం వేరే చెబుతుంది. సమాచార హక్కు చట్టం కింద అడిగినప్పుడు అలాంటి విరాళం వివరమేదీ జాతీయ రక్షణ నిధి దగ్గర లేదని తేలింది. 1965 డిసెంబరు నాటి పత్రికా వార్త ప్రకారం, నిజాం 4,25,000 గ్రాముల బంగారాన్ని ప్రభుత్వ గోల్డు బాండ్లలో పెట్టాడు, శాస్త్రి అందుకు అభినందించాడు. దాని విలువ దాదాపు 50 లక్షల రూపాయలు.

లెక్క చూద్దాం. 4,25,000 గ్రాములంటే 425 కిలోలు. మా ఇంట్లో 75 కిలోల వడ్ల బస్తాలతో తూచితే ఆరు బస్తాలకు కూడా తక్కువ. బంగారం సాంద్రత నీటికి 19 రెట్లు గనుక మేలిమి బంగారమైతే అదంతా రెండు బకెట్లలో పడుతుంది. అన్నీ అష్రఫీలే అనుకుంటే 38 వేల నాణేలు. 50 లక్షల విలువ అంటే 10 గ్రాములకు 118 రూపాయల లోపే. అయితే అందులో పాతకాలపు మోహరీలున్నాయి. వాటిని కరిగించకుండా విదేశాల్లో అమ్మితే కోటి రూపాయలు కూడా రావచ్చునని శాస్త్రి ఆశించాడు. బరువుకు 50 లక్షలు, పుట్టుకకు మరో 50 లక్షలు! నాణెం పోగుచేయడంలోని కిటుకు అంతా ఈ ఒక్క లెక్కలో ఉంది.

బాండు దానం కాదు. గడువుకు తిరిగి వచ్చేది, నడుమ వడ్డీ ఇచ్చేది. దాన్ని దానం అని చెప్పడం వల్ల నిజాం పెద్దవాడు కాడు, పెట్టుబడి అని చెప్పడం వల్ల చిన్నవాడూ కాడు. పెట్టెలో మూలుగుతున్న బంగారం దేశానికి అవసరమైన రోజున బయటికి వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పుకున్నా అది గొప్ప మాటే.

1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠీలో ఆయన కన్నుమూశాడు. ఎదుటి జూదీ మసీదులో సమాధి ఉంది. వారసుడు మనుమడు ముకర్రం జా. జహంగీర్ 1613లో ఆగ్రాలో కొట్టించిన వెయ్యి తులాల మోహరీ, దాదాపు 12 కిలోలది, ఈ ఇంటి నుండే పోయి 1987లో జెనీవా వేలంలో కనబడింది. ఇంటి నగల్లో 173 నగలను 1995లో కేంద్ర ప్రభుత్వం 218 కోట్లకు కొన్నది. 2001లోనూ, 2006లోనూ సాలార్ జంగ్ మ్యూజియంలో జనానికి చూపారు, తర్వాత మళ్లీ రిజర్వు బ్యాంకు గదిలోకి పోయాయి. పురానీ హవేలీ మ్యూజియంలోని బంగారు టిఫిన్ డబ్బా 2018 సెప్టెంబరులో దొంగల పాలై, కొద్ది రోజుల్లోనే పోలీసుల చేతికి చిక్కింది. ముకర్రం జా 2023లో ఇస్తాంబుల్‌లో చనిపోయి, పాతబస్తీలో మక్కా మసీదు ఆవరణలోకి వచ్చి పడుకున్నాడు.

మిత్రులారా, బంగారం కొనవద్దని నేను చెప్పను. చెబితే మా అవ్వే ఒప్పుకోదు. గుల్జార్ హౌజ్ దిక్కు పోయినప్పుడు పాత అష్రఫీ కనబడితే తూకం అడగండి, కమానులో అక్షరం చూడండి, కొక్కెం గుర్తు ఉందో లేదో చూడండి. అప్పుడు ధర మాట్లాడండి. ఇక ఏడో నిజాం ఆస్తి లెక్క ఎవరైనా అడిగితే, నేను మాత్రం అష్రఫీల నుండి మొదలుపెట్టను. ఆయన దాచినదాంట్లో సగం ఎటు పోయిందో వెతకాలి. కట్టించిన నిజాంసాగర్ నీళ్లు మాత్రం, పూడిక నిండి తగ్గినా సరే, వదిలిన ఏడు మా పొలం గట్టు దాకా వస్తున్నాయి.