జోసెఫ్-ఆర్మాండ్ బొంబార్డియర్

జోసెఫ్-ఆర్మాండ్ బొంబార్డియర్ (ఏప్రిల్ 16, 1907 - ఫిబ్రవరి 18, 1964) కెనడా దేశానికి చెందిన యంత్ర నిర్మాత, ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త. మంచుపై నడిచే మోటారు వాహనాలను రూపొందించి, వాటిని కర్మాగారంలో తయారుచేసి అమ్మిన తొలితరం వారిలో ప్రముఖుడు. స్కీ-డూ అనే చిన్న మంచుబండి ఇతని పేరును ప్రపంచానికి పరిచయం చేసింది. ఇతడు స్థాపించిన సంస్థ తరువాతి కాలంలో రైళ్ళు, విమానాలు తయారుచేసే స్థాయికి ఎదిగింది. ఇతని పేరు మీద 40కి పైగా పేటెంట్లు ఉన్నాయి. ఫ్రెంచి ఉచ్చారణలో ఇతని ఇంటిపేరు బొంబార్డియే.

బాల్యం

బొంబార్డియర్ కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో, షెర్‌బ్రూక్ పట్టణానికి సమీపంలో ఉన్న వాల్‌కోర్ట్ అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి ఆల్ఫ్రెడ్ వ్యవసాయం, ఆ తరువాత వ్యాపారం చేసేవాడు. తల్లి అన్నా గ్రావెల్. ఎనిమిది మంది సంతానంలో ఇతడే పెద్దవాడు. చిన్నతనం నుండి యంత్రాలపై అమితమైన ఆసక్తి ఉండేది. పాడైన గడియారాల లోపలి భాగాలతో కదిలే బొమ్మలు తయారుచేసేవాడు.

మతాచార్యుడు కావాలనే ఉద్దేశంతో తల్లిదండ్రులు ఇతనిని షెర్‌బ్రూక్‌లోని మత విద్యాలయానికి పంపారు. అయితే ఇతని మనసు చదువుకంటే యంత్రాల మీదనే ఉండేది. ఇంట్లో ఉన్న వస్తువులన్నిటినీ విప్పిచూడడం మానిపించడానికి తండ్రి ఒక పాత ఫోర్డ్ మోడల్-టి కారు ఇంజనును ఇతనికి ఇచ్చాడు. సెలవులలో ఆ ఇంజనును బాగుచేసి, రెండు స్లెడ్జి బండ్లను కలిపి వాటిపై అమర్చి, వెనుక విమానానికి ఉన్నటువంటి చెక్క పంఖాను బిగించాడు. 1922 డిసెంబరు 31న, పదిహేనేళ్ళ వయసులో, తమ్ముడు లియోపోల్డ్‌తో కలిసి ఈ బండిని వాల్‌కోర్ట్ వీధుల్లో ఒక కిలోమీటరుకు పైగా నడిపాడు. మూత లేకుండా తిరుగుతున్న పంఖాను చూసి భయపడిన తండ్రి ఆ బండిని వెంటనే విప్పేయమని ఆజ్ఞాపించాడు. చక్రాలు లేకుండా, గుర్రాలు లేకుండా మంచుపై ప్రయాణించవచ్చునని ఆ రోజే ఇతనికి నమ్మకం కలిగింది.

గ్యారేజి

1924లో చదువు మానేసి మొదట పొరుగు గ్రామంలోనూ, ఆపై మాంట్రియల్ నగరంలోనూ మెకానిక్కుగా పనిచేస్తూ వృత్తి నేర్చుకున్నాడు. సాయంత్రం వేళల్లో యంత్రశాస్త్రం, విద్యుచ్ఛక్తి పాఠాలకు హాజరయ్యేవాడు. సాంకేతిక పుస్తకాలు చదవడానికి ఆంగ్లం కూడా నేర్చుకున్నాడు. 1926లో స్వగ్రామానికి తిరిగివచ్చి, తండ్రి సహాయంతో సొంత గ్యారేజి ప్రారంభించాడు. అప్పటికి ఇతని వయసు 19 సంవత్సరాలు. కొన్ని పనిముట్లు సొంతంగా తయారుచేసుకున్నాడు. సమీపంలోని వాగుకు అడ్డుకట్ట కట్టి, ఆ నీటితో తన యంత్రాలకు కావలసిన శక్తిని సంపాదించాడు. 1929 ఆగస్టులో ఇవోన్ లబ్రెక్‌ను వివాహం చేసుకున్నాడు. వీరికి ఆరుగురు పిల్లలు.

ఆ కాలంలో క్యుబెక్ గ్రామాలలో శీతాకాలమంతా రోడ్లు మంచు కింద ఉండేవి. మోటారు కార్లను డిసెంబరు నుండి ఏప్రిల్ వరకు దిమ్మలపై నిలబెట్టి, ప్రజలు గుర్రపు స్లెడ్జి బండ్లను వాడేవారు. అందువలన వేసవిలో కార్ల మరమ్మతులతో తీరికలేకుండా ఉండే బొంబార్డియర్‌కు శీతాకాలంలో పని తక్కువగా ఉండేది. ఆ సమయాన్ని అతడు మంచుబండి ప్రయోగాలకు వినియోగించాడు. ఈ ప్రయత్నంలో అతడు ఒంటరి కాదు. అమెరికాలో ఫోర్డ్ కార్లకు స్కీలు, పట్టాలు బిగించి అమ్మేవారు అప్పటికే ఉన్నారు. విస్కాన్సిన్ రాష్ట్రంలో కార్ల్ ఎలియాసన్ 1920లలోనే మోటారు స్లెడ్జిని తయారుచేశాడు. అయితే మెత్తని, లోతైన మంచులో కూరుకుపోకుండా నమ్మకంగా నడిచే వాహనం ఇంకా రాలేదు.

కుమారుని మరణం

1934 శీతాకాలంలో బొంబార్డియర్ రెండేళ్ళ కుమారుడు ఇవోన్‌కు అపెండిసైటిస్ వచ్చి, అది కడుపులో తీవ్రమైన ఇన్‌ఫెక్షనుగా మారింది. శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రి షెర్‌బ్రూక్‌లో ఉంది. రోడ్లు మంచుతో మూసుకుపోయాయి. తండ్రి తయారుచేస్తున్న మంచుబండి గ్యారేజిలో విడిభాగాలుగా ఉంది. బాలుని ఆసుపత్రికి తీసుకువెళ్ళే మార్గం లేక అతడు ఇంట్లోనే మరణించాడు. అప్పటికే ఏళ్ళుగా సాగుతున్న ప్రయోగాలు ఈ సంఘటన తరువాత మరింత పట్టుదలతో ముందుకు సాగాయి. తరువాత వచ్చిన బండ్లను మొదట కొన్నవారిలో వైద్యులు ఉండడం గమనించదగ్గ విషయం.

పళ్ళచక్రం, పట్టా

బొంబార్డియర్‌కు ఎదురైన ప్రధాన సమస్య ఇంజను శక్తిని మంచుకు చేరవేయడం. బరువైన బండి మంచులో దిగబడుతుంది. లోహపు పట్టాలకు మంచు అంటుకుని గడ్డకట్టి, పళ్ళచక్రం నుండి పట్టా జారిపోతుంది. 1935లో అతడు దీనికి పరిష్కారం కనుగొన్నాడు. పళ్ళచక్రానికి రబ్బరు తొడిగి, రెండు రబ్బరు బెల్టులను ఉక్కు అడ్డకమ్మీలతో కలిపి పట్టాగా చేశాడు. రబ్బరు వంగుతుంది కనుక అంటుకున్న మంచు తనంతట తానే రాలిపోయేది. ఈ ఏర్పాటుకు 1937 జూన్ 29న కెనడాలో పేటెంట్ లభించింది.

ఈ పద్ధతితో తయారైన మొదటి వాణిజ్య వాహనం బి-7. బి అనేది బొంబార్డియర్ పేరులోని మొదటి అక్షరం, 7 అనేది ప్రయాణీకుల సంఖ్య. ముందు స్కీలు, వెనుక పట్టాలు, ప్లైవుడ్ శరీరం దీని ప్రత్యేకతలు. వైద్యులు, పశువైద్యులు, మతాచార్యులు, తపాలా ఉద్యోగులు, అంబులెన్సు నిర్వాహకులు వీటిని కొన్నారు. గిరాకీ పెరగడంతో వాల్‌కోర్ట్‌లో కొత్త కర్మాగారం నిర్మించారు. తరువాత 12 మంది కూర్చునే బి-12 వచ్చింది. దీని గుండ్రని కిటికీలు నేటికీ సులభంగా గుర్తుపట్టవచ్చు. 1942 జూలైలో లోటో-నేజ్ బొంబార్డియర్ లిమితే అనే సంస్థ ఏర్పడింది. ఇతని సోదరులు కూడా ఈ వ్యాపారంలో పాలుపంచుకున్నారు. 25 మంది పిల్లలను బడికి తీసుకువెళ్ళే సి-18 అనే పెద్ద బండిని కూడా ఈ సంస్థ తయారుచేసింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైన్యం కోసం మంచు వాహనాలను రూపొందించింది.

మంచు తీసిన రోడ్లు

1948లో క్యుబెక్ ప్రభుత్వం గ్రామీణ రోడ్ల మీద మంచును శీతాకాలంలో కూడా తొలగించాలని నిర్ణయించింది. ప్రజలకు మేలు చేసిన ఈ నిర్ణయం బొంబార్డియర్ వ్యాపారాన్ని దెబ్బతీసింది. కార్లు ఏడాది పొడవునా నడవగలిగినపుడు మంచుబస్సు అవసరం తగ్గిపోయింది. అమ్మకాలు ఒక్కసారిగా పడిపోయాయి.

బొంబార్డియర్ తన పట్టా పరిజ్ఞానాన్ని మంచు లేని చోటికి మళ్ళించాడు. వ్యవసాయ ట్రాక్టర్లు బురదలో కూరుకుపోకుండా వాటి చక్రాలకు తొడిగే పట్టాలను తయారుచేశాడు. 1953లో చిత్తడి నేలలపై, మంచుపై నడిచే మస్కెగ్ అనే ట్రాక్టరును విడుదల చేశాడు. చమురు అన్వేషణ, అటవీ పనులు, విద్యుత్ లైన్ల నిర్మాణం వంటి పనులకు ఇది ఎంతో ఉపయోగపడింది. 1957-58లో వివియన్ ఫుక్స్ నాయకత్వంలో అంటార్కిటికా ఖండాన్ని దాటిన యాత్రలో ఒక మస్కెగ్ ట్రాక్టరును కూడా వాడారు.

స్కీ-డూ

ఒకరిద్దరు మాత్రమే ప్రయాణించే చిన్న మంచుబండి బొంబార్డియర్ యవ్వనం నాటి కోరిక. తేలికైన ఇంజనులు, తగిన పట్టా దొరకక అది చాలాకాలం వాయిదా పడింది. 1950లలో ఈ రెండు అడ్డంకులూ తొలగిపోయాయి. చిన్న ఇంజనులు మార్కెట్టులోకి వచ్చాయి. పెద్ద కుమారుడు జెర్మెయిన్ అతుకులు లేని ఏకఖండపు రబ్బరు పట్టాను అభివృద్ధి చేశాడు. ఇదే సమయంలో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో పొలారిస్ సంస్థ కూడా చిన్న మంచుబండ్లు తయారుచేయడం మొదలుపెట్టింది.

1959లో స్కీ-డూ విడుదలైంది. దీని బరువు సుమారు 150 కిలోలు, గరిష్ఠ వేగం గంటకు 40 కిలోమీటర్లు, ధర సుమారు 900 డాలర్లు. కుక్కలు లాగే బండికి బదులు వాడదగినది కనుక మొదట దీనికి స్కీ-డాగ్ అని పేరుపెట్టారని, ముద్రణలో జరిగిన పొరపాటు వలన అది స్కీ-డూగా మారిందని ప్రచారంలో ఉంది. తొలి నమూనాలలో ఒకదానిని ఆంటారియో ఉత్తర ప్రాంతంలో స్థానిక తెగల మధ్య పనిచేస్తున్న మోరిస్ ఉయిమె అనే మతాచార్యునికి ఇచ్చి పరీక్షించారు. వేటగాళ్ళు, మతప్రచారకులు, ఖనిజాన్వేషకులు దీనిని కొంటారని బొంబార్డియర్ భావించాడు. కాని వినోదం కోసం కొన్నవారి సంఖ్య అతని అంచనాలను మించిపోయింది. మొదటి సంవత్సరం 225 బండ్లు అమ్ముడుపోగా, 1963-64 నాటికి ఆ సంఖ్య ఏటా 8,000 దాటింది.

క్లచ్, భూమి ఎత్తు

స్కీ-డూను గేర్లు మార్చడం తెలియనివారు కూడా నడపగలిగేవారు. ఇంజను వేగం పెరిగేకొద్దీ తనంతట తానే పట్టుకునే క్లచ్ ఇందుకు కారణం. నేటి మంచుబండ్ల క్లచ్ కూడా ఇదే సూత్రంపై పనిచేస్తుంది. ఇంజనుకు ఒక పుల్లీ, పట్టాను తిప్పే ఇరుసు వైపు మరొక పుల్లీ ఉంటాయి. రెండింటినీ రబ్బరు బెల్టు కలుపుతుంది. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నపుడు స్ప్రింగు మొదటి పుల్లీ రెండు పళ్ళాలను విడదీసి ఉంచుతుంది. వేగం పెరిగినపుడు అందులోని బరువులు అపకేంద్ర బలంతో బయటకు విచ్చుకుని పళ్ళాలను దగ్గరకు నెడతాయి. బెల్టు పైకి జరుగుతుంది. దానికి అనుగుణంగా రెండవ పుల్లీ విడివడి, గేరు నిష్పత్తి క్రమంగా మారుతుంది. పూర్తి వేగంలో ఇంజను తన గరిష్ఠ శక్తిని ఇచ్చే భ్రమణ వేగం వద్దనే నిలిచేటట్లు చూడడం ఈ క్లచ్ అమరిక లక్ష్యం.

ఈ అమరిక బండి నడిచే ప్రదేశపు ఎత్తు మీద ఆధారపడి ఉంటుంది. సముద్రమట్టం నుండి ప్రతి 300 మీటర్ల ఎత్తుకు గాలి పలుచబడి ఇంజను శక్తి సుమారు 3 శాతం తగ్గుతుంది. 2,400 మీటర్ల ఎత్తులో దాదాపు నాలుగవ వంతు శక్తి పోతుంది. అందుకని రాకీ పర్వతాలలో వాడే బండ్లకు తేలికైన బరువులు వేస్తారు. అదే బండిని క్యుబెక్, మిన్నెసోటా వంటి పల్లపు ప్రాంతాలకు తెచ్చినపుడు చిక్కని గాలిలో ఇంజను శక్తి పెరుగుతుంది. తేలికైన బరువులు ఆ శక్తిని అదుపు చేయలేవు. ఇంజను అవసరానికి మించిన వేగంతో తిరిగి, బండి మాత్రం ఆ మేరకు ముందుకు సాగదు. బరువులు మరీ ఎక్కువైతే ఇంజను తన గరిష్ఠ శక్తి వేగాన్ని అందుకోలేక కుంగిపోతుంది.

కార్బ్యురేటరు ఉన్న బండ్లలో మరొక ప్రమాదం ఉంది. ఎత్తైన చోటికి తగినట్లు చిన్న జెట్లు అమర్చిన ఇంజనుకు పల్లంలో గాలి ఎక్కువగానూ, ఇంధనం తక్కువగానూ అందుతాయి. ఇంజను విపరీతంగా వేడెక్కి పిస్టను కాలిపోవచ్చు. చలి పెరిగినపుడు గాలి మరింత చిక్కబడుతుంది కనుక ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. కాబట్టి పల్లపు ప్రాంతంలో ముందుగా పెద్ద జెట్లు వేసి, తరువాతనే క్లచ్ బరువులు పెంచుతారు. గట్టిపడిన మంచు బాటలపై వేగంగా వెళ్ళడానికి వీలుగా గేరు నిష్పత్తిని కూడా మారుస్తారు. ఎలక్ట్రానిక్ ఇంధన సరఫరా గల ఇంజనులు గాలి ఒత్తిడిని గుర్తించి ఇంధనాన్ని తామే సరిచేసుకుంటాయి. వాటిలో కూడా సాధారణంగా క్లచ్‌ను చేతితోనే సరిచేయాలి. తరువాతి కాలపు స్కీ-డూలలో ఈ పనిని సులభం చేయడానికి మొదటి పుల్లీపై ఆరు స్థానాలు గల మరలను అమర్చారు.

మరణం

బొంబార్డియర్ చివరి రోజులలో క్యాన్సర్ వ్యాధితో బాధపడ్డాడు. 1964 ఫిబ్రవరి 18న, 56 ఏళ్ళ వయసులో షెర్‌బ్రూక్‌లో మరణించాడు. ముప్ఫై ఏళ్ళ క్రితం కుమారుని చేర్చలేకపోయిన ఆసుపత్రి ఉన్న పట్టణం అదే. స్కీ-డూ సాధించిన అసలైన విజయాన్ని ఇతడు చూడలేకపోయాడు. 1970ల ఆరంభానికి ఉత్తర అమెరికాలో వందకు పైగా సంస్థలు మంచుబండ్లు తయారుచేసేవి.

వారసత్వం

తండ్రి తరువాత జెర్మెయిన్, 1966 నుండి అల్లుడు లోరాన్ బోదువాన్ సంస్థను నడిపారు. 1970లో స్కీ-డూకు ఇంజనులు సరఫరా చేస్తున్న ఆస్ట్రియా సంస్థ రోటాక్స్‌ను కొనుగోలు చేశారు. 1970లలో చమురు సంక్షోభం వలన మంచుబండ్ల గిరాకీ తగ్గడంతో సంస్థ రైళ్ళ తయారీ చేపట్టి, 1974లో మాంట్రియల్ మెట్రో రైలు పెట్టెల కాంట్రాక్టు పొందింది. 1986లో కెనడెయిర్ కొనుగోలుతో విమాన రంగంలో ప్రవేశించింది. భారతదేశంలో ఢిల్లీ మెట్రోకు చెందిన పలు రైళ్ళు గుజరాత్‌లోని సావ్లీలో ఉన్న ఈ సంస్థ కర్మాగారంలో తయారయ్యాయి. 2003లో మంచుబండ్ల విభాగం బి.ఆర్.పి. అనే వేరే సంస్థగా విడిపోయింది. 2021లో రైళ్ళ విభాగాన్ని ఫ్రాన్స్‌కు చెందిన ఆల్‌స్టామ్ కొనుగోలు చేసింది. ఆ తరువాత బొంబార్డియర్ సంస్థ ప్రైవేటు జెట్ విమానాలకు పరిమితమైంది.

వాల్‌కోర్ట్‌లో ఇతని పేరిట ఒక మ్యూజియం ఉంది. 1926లో ప్రారంభించిన గ్యారేజిని కూడా అక్కడ సందర్శకులు చూడవచ్చు. క్యుబెక్‌లో 55వ నంబరు రహదారిలోని కొంత భాగానికి ఇతని పేరు పెట్టారు. కెనడాలోని కొన్ని ప్రాంతాలలో ఏ సంస్థ తయారుచేసిన మంచుబండినైనా ప్రజలు స్కీ-డూ అనే పిలుస్తారు. మానిటోబా రాష్ట్రంలోని విన్నిపెగ్ సరస్సు శీతాకాలంలో గడ్డకట్టినపుడు, చేపలు పట్టేవారు దశాబ్దాల నాటి బి-12 బండ్లను 21వ శతాబ్దంలో కూడా వాడుతూ వచ్చారు.