థామస్ గ్రాహం

థామస్ గ్రాహం (1805 - 1869) స్కాట్లాండుకు చెందిన ప్రముఖ రసాయన శాస్త్రవేత్త. వాయువుల వ్యాపన నియమం ద్వారా విద్యార్థులకు సుపరిచితుడు. కొల్లాయిడ్ రసాయన శాస్త్రానికి ఆద్యుడు. పలుచని పొరల ద్వారా వాయువులను వేరుచేయడంపై ఇతడు చేసిన ప్రయోగాలు నేటి పాలిమర్, కార్బన్ పొరల పరిజ్ఞానానికి మార్గం చూపాయి.

బాల్యం, విద్యాభ్యాసం

గ్రాహం 1805 డిసెంబరులో గ్లాస్గో నగరంలో జన్మించాడు. తండ్రి వస్త్ర పరిశ్రమకు చెందిన సంపన్నుడు. కుమారుడు స్కాట్లాండు చర్చిలో మతబోధకుడు కావాలన్నది ఆయన కోరిక. 1819లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చేరిన గ్రాహం, థామస్ థామ్సన్ ఉపన్యాసాలు విని రసాయన శాస్త్రం పట్ల ఆకర్షితుడయ్యాడు. తండ్రి మాట కాదన్నందుకు ఇంటినుండి ధనసహాయం ఆగిపోయింది. ఆ కష్టకాలంలో తల్లి, సోదరి అతనికి అండగా నిలిచారు.

1830లో గ్లాస్గోలోని ఆండర్సన్ విద్యాసంస్థలోను, 1837లో లండన్ యూనివర్సిటీ కళాశాలలోను ఆచార్య పదవి లభించింది. 1841లో లండన్ కెమికల్ సొసైటీకి తొలి అధ్యక్షుడయ్యాడు.

వ్యాపన నియమం

గ్రాహం ఒక గాజు గొట్టం పైమూతిని ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బిరడాతో మూసి, అడుగుభాగాన్ని నీటిలో ఉంచి, లోపల హైడ్రోజన్ నింపాడు. గాలి లోనికి వచ్చే వేగం కంటే హైడ్రోజన్ బయటికి పోయే వేగం ఎక్కువ కావడంతో గొట్టంలో నీటిమట్టం పెరిగింది. ఇటువంటి ప్రయోగాల ఆధారంగా, వాయువు వ్యాపించే వేగం దాని సాంద్రత వర్గమూలానికి విలోమానుపాతంలో ఉంటుందని 1831లో ప్రకటించాడు. ఆక్సిజన్ కంటే 16 రెట్లు తేలికైన హైడ్రోజన్ 4 రెట్లు వేగంగా వ్యాపిస్తుంది.

1863లో అర మిల్లీమీటరు మందం గల గ్రాఫైట్ పలకను పొరగా ఉపయోగించి వాయు మిశ్రమాలను పాక్షికంగా వేరుచేశాడు. అయితే ఆక్సిజన్, నత్రజనుల సాంద్రతలు దాదాపు సమానం కనుక, ఈ పద్ధతిలో గాలి నుండి వాటిని వేరుచేయడం చాలా కష్టం.

రబ్బరు పొర

1866లో గ్రాహం పాదరసపు పంపుతో శూన్యం కల్పించి, రబ్బరు పొర గుండా గాలిని లాగాడు. ఆవలివైపు చేరిన గాలిలో ఆక్సిజన్ 21 శాతం నుండి 41.6 శాతానికి పెరిగింది. ఆరిపోతున్న పుల్లను అందులో ఉంచితే తిరిగి వెలిగింది. నత్రజని కంటే బరువైన కార్బన్ డయాక్సైడ్ దానికంటే సుమారు 13.6 రెట్లు వేగంగా పొరను దాటింది. ఇది తన వ్యాపన నియమానికి లోబడని ఫలితం. వాయువు రబ్బరులో కరిగి, లోపల ప్రయాణించి, ఆవలివైపు తిరిగి వాయువుగా వెలువడుతుందని గ్రాహం వివరించాడు. రంధ్రాలు లేని పాలిమర్ పొరల పనితీరును నేటికీ ఇదే విధంగా వివరిస్తున్నారు.

ఇతర పరిశోధనలు

1861లో పదార్థాలను కొల్లాయిడ్లు, స్ఫటికాభాలు అని విభజించి, వాటిని పొర ద్వారా వేరుచేసే ప్రక్రియకు డయాలిసిస్ అని పేరు పెట్టాడు. మూత్రపిండాల రోగులకు నేడు చేసే డయాలిసిస్‌కు ఈ సూత్రమే ఆధారం. పలేడియం లోహం తన ఘనపరిమాణానికి వందల రెట్లు హైడ్రోజన్‌ను పీల్చుకుంటుందని కూడా నిరూపించాడు.

చివరి దశ

1855లో జాన్ హెర్షెల్ తరువాత బ్రిటిష్ రాజ టంకశాల అధిపతిగా నియమితుడయ్యాడు. పూర్వం ఐజాక్ న్యూటన్ నిర్వహించిన పదవి ఇది. ఆ బాధ్యతల నడుమనే పరిశోధనలు సాగించి, 1862లో కోప్లీ పతకం పొందాడు. 1869 సెప్టెంబరులో లండన్‌లో మరణించాడు. గ్లాస్గోలోని జార్జ్ స్క్వేర్‌లో ఇతని విగ్రహాన్ని నెలకొల్పారు.

తరువాతి పరిణామాలు

పాలిఇమైడ్ వంటి పాలిమర్‌లను గాలి తగలకుండా సుమారు 500 నుండి 900 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేస్తే అవి కార్బన్ పొరలుగా మారతాయి. వీటి రంధ్రాలు వాయు అణువుల పరిమాణానికి దగ్గరగా ఉంటాయి. ఆక్సిజన్ అణువు వ్యాసం 3.46 ఆంగ్‌స్ట్రాములు, నత్రజనిది 3.64 ఆంగ్‌స్ట్రాములు. ఇంత స్వల్ప తేడా ఉన్నా, జల్లెడ వలె ఈ పొరలు ఆక్సిజన్‌ను ఎక్కువగా పోనిస్తాయి. గ్రాహం వాడిన గ్రాఫైట్ కూడా కార్బనే. కానీ దాని రంధ్రాలు అణువుల కంటే చాలా పెద్దవి కావడంతో, అది వాయువులను బరువును బట్టి మాత్రమే వేరుచేయగలిగింది. కార్బన్ పొరలు పెళుసుగా ఉండటం, తయారీ ఖర్చు అధికం కావడం వాటి విస్తృత వాడకానికి అవరోధాలు.