కైఫీయతుల మెకంజీ

స్కాట్లండుకు పడమట సముద్రంలో లూయిస్ అనే దీవి ఉంది. అందులోని స్టార్నొవే పట్టణంలో 1754లో కాలిన్ మెకంజీ జన్మించాడు. కొంతకాలం సుంకాల శాఖలో ఉద్యోగం చేసి, 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చాడు. సంవర్గమానాలను కనుగొన్న జాన్ నేపియర్ వంశీయుల ప్రోత్సాహం వల్ల హైందవ గణితంపై ఆయనకు అంతకుముందే ఆసక్తి కలిగింది. ఆ జిజ్ఞాసతోనే మధురలో పండితులను కలుసుకున్నాడు.

1792 తరువాత నిజాం రాజ్యంలో భూములు కొలిచే పని ఆయనకు లభించింది. నేటి కొడంగల్, తాండూరు సీమలు ఆనాడు ఆ రాజ్యంలోనివే. గొలుసుతో నేలను కొలవవచ్చును గాని, ఆ నేల ఎవరిది, ఎలా సంక్రమించింది అన్న విషయం గొలుసుకు అందదు గదా! అందుకు ఆ దేశభాషలు తెలిసినవారు కావాలి. 1796లో ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య ఆయన కొలువులో చేరాడు. అప్పటికి బొర్రయ్య ఇరవై యేండ్ల యువకుడు.

బొర్రయ్య, అతని సోదరులు, వారు తరిఫీదు చేసిన గుమాస్తాలు ఊరూరా తిరిగారు. కరణాల ఇండ్లలోని కవిలెలు, అగ్రహారీకుల రాగిరేకులు, దేవాలయ శాసనాలు, వృద్ధుల నోట నిలిచిన వంశావళులు సేకరించి వ్రాసిన గ్రామచరిత్రలే కైఫీయతులు. ఊరు కట్టినవాడెవడు, కరణీకం ఏ ఇంటివారిది, మాన్యం ఇచ్చిన రాజెవరు అన్న వివరాలు వాటిలో కనిపిస్తాయి. పుత్రసంతానం లేని ఇంటి మిరాసీ అల్లునికో దౌహిత్రునికో చేరడం ఆనాడు కద్దు. కాబట్టి భూమి చరిత్ర వెదికేవారు ఏ ఇంటి ఆడపడుచు ఏ ఇంటి కోడలయిందో కూడ తెలుసుకోవలసి వచ్చేది.

ఈ పని సులభంగా సాగలేదు. కవిలె చూపితే శిస్తు పెరుగుతుందేమో, ఇనాము పోతుందేమో అని జనం జంకారు. ఆ భయం నిరాధారమైనది కాదు. అడుగుతున్నది కంపెనీ దొర మనుషులాయె! వారికి నచ్చజెప్పి పత్రాలు బయటికి రప్పించిన నేర్పు బొర్రయ్యది. మైసూరు సర్వే సాగుతుండగానే, 1803లో, అతడు అకాలమరణం చెందాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ భారాన్ని తలకెత్తుకొన్నాడు.

మెకంజీ 1811లో జావా దండయాత్రకు వెళ్ళి, మరుసటి సంవత్సరం అక్కడే పెట్రొనెల్లా బార్టెల్స్‌ను వివాహమాడాడు. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. సేకరించినదంతా క్రోడీకరించి గ్రంథం వ్రాయాలన్న సంకల్పం నెరవేరకుండానే 1821 మే 8న కలకత్తా సమీపంలో మరణించాడు. ఆయన భార్య వద్ద ఆ సంచయాన్ని కంపెనీ పదివేల పౌండ్లకు కొన్నది. అందులో 1,568 సాహిత్యగ్రంథాల ప్రతులు, 8,076 శాసనాల నకళ్ళు, 6,218 నాణేలు ఉన్నాయి.

మిగిలిన పని తనకు అప్పగించమని లక్ష్మయ్య అర్థించాడు. ఆ కాగితాలను అతనికన్న బాగా ఎరిగినవాడు ఆనాడు లేడు. అయినా దేశీయునికి అంత సామర్థ్యం ఉండదని కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ పెద్దలు తీర్పు చెప్పారు. ఆ పని విలియం టేలర్ అనే మతబోధకునికి దక్కింది. శిథిలమవుతున్న తెలుగు కైఫీయతులకు సి.పి. బ్రౌన్ శుద్ధప్రతులు వ్రాయించి, సంపుటాలుగా కట్టించాడు.